వరుస అంటే ఏ వరుస?

మా మేనమామ కూతురి పెళ్ళి మాఘమాసంలో కుదిరింది. విశాఖ గోపాలపట్నంలో ఉండే మావయ్య పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కాగితం మీద రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టరు. పిలుపులకు వెళ్ళవలసిన వారి పేర్లు 312 తేలాయి. రెండు పాత డైరీల్లోంచీ, ఒక ఫోనులోంచీ, అత్తయ్య జ్ఞాపకంలోంచీ వాటిని ఏరి నేనొక ఫైలులోకి ఎక్కించాను. అంతా అయ్యాక మావయ్య ఒక్కటే మాట అన్నారు: "ఒరే అల్లుడూ, వాటిని వరుసలో పెట్టి ప్రింటు తీసుకురా." నేను మద్దిలపాలెంలోని మా ఇంటికి వచ్చి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క పంక్తి రాసి, అకారాదిగా అమరిన జాబితాను మర్నాడు ఆయన చేతిలో పెట్టాను. ఆయన మొదటి పేజీ చూసి కళ్ళజోడు తీశారు. "ఏటిరా ఇది? మీ అత్తయ్య మేనమామ నాలుగో పేజీలో ఉన్నాడు, మన పాలబ్బాయి మొదటి పేజీలో ఉన్నాడు. వరుసలో పెట్టమంటే ఇదా?" ఆయన అడిగింది చుట్టరికపు వరుస. నేను పెట్టింది అక్షరాల వరుస.

ఆ రోజు అందరం నవ్వుకున్నాం గానీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళు రోజూ చేసే పొరపాటు సరిగ్గా ఇదే. "సార్టు చేయి", అంటే వరుసలో పెట్టు, అన్నది సగం వాక్యం. దేన్ని బట్టి అన్న మిగతా సగం ఎవరూ చెప్పకపోతే, భాష తనకు తోచింది చెప్పేస్తుంది. వెబ్ పేజీల భాష అయిన జావాస్క్రిప్టులో ఏమీ చెప్పకుండా 1, 2, 10 అనే అంకెలను సార్టు చేయమంటే 1, 10, 2 అని తిరిగి ఇస్తుంది. ఎందుకంటే చెప్పనప్పుడు అది ప్రతిదాన్నీ అక్షరాల మాలగా మార్చి చూస్తుంది. పైథాన్ అంత తెగించదు కానీ, పేర్లను ఇస్తే అక్షరాల యూనికోడ్ సంఖ్యలను, అంటే కంప్యూటర్లు ఒక్కొక్క అక్షరానికీ ఇచ్చుకున్న సంఖ్యలను, బట్టి పెడుతుంది, ఆ సంఖ్యలు మన వర్ణమాలకు ఎంతవరకు సరిపోతాయో దానికి పట్టదు. అందుచేత మిగతా సగాన్ని మనమే చెప్పాలి. చెప్పడానికి రెండు మార్గాలున్నాయి. ఆ రెండింటిలో ఒకటి రెండోదాని కన్నా మంచిదన్నది నా వాదన. వేగం విషయంలోనూ మంచిదే, కానీ నేను దాన్ని సమర్థించేది అంతకన్నా ముఖ్యంగా మన ఆలోచనలోని మెలికను అది ముందే బయటపెడుతుంది కాబట్టి.

మొదటి మార్గం పోలిక ఫంక్షన్. ఫంక్షన్ అంటే ఇచ్చినదాన్ని తీసుకుని జవాబు చెప్పే కోడు ముక్క. ఇద్దరిని తెచ్చి పక్కపక్కన నిలబెట్టి, "వీళ్ళలో ఎవరు ముందు?" అని అడిగితే, మొదటివాడైతే రుణ సంఖ్య, రెండోవాడైతే ధన సంఖ్య, ఇద్దరూ సమానమైతే సున్నా చెప్పాలి. రెండో మార్గం కీ ఫంక్షన్. దాని దగ్గరికి ఒక్కరినే పంపుతాం. "నీ తూకం ఎంత?" అని అడిగితే అది ఒక విలువ ఇస్తుంది. పక్కవాడి ఊసు దానికి అక్కరలేదు. అందరి విలువలూ వచ్చాక వాటిని పోల్చి అమర్చే పని భాషది.

ఫిషింగ్ హార్బరులో రొయ్యల బేరం చూసినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ ఎవరూ ఒక రొయ్యను ఇంకొక రొయ్య పక్కన పెట్టి ఏది పెద్దదో తేల్చరు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే ఆ సరుకు కౌంటు. 30 కౌంటు అంటే కిలోకు ముప్పై, 60 కౌంటు అంటే కిలోకు అరవై. అంకె తగ్గినకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక్కసారి తూచి కౌంటు కట్టేశాక, ఆ సరుకు ఏ గుట్ట పక్కన ఎక్కడ ఉండాలో దాని అంకే చెబుతుంది. కౌంటు కట్టడమే కీ ఫంక్షన్. అంకె చిన్నదైతే సరుకు పెద్దదన్న తిరకాసు కూడా ప్రోగ్రామర్లకు పరిచయమైనదే.

నేను చదువుకున్న రోజుల్లో మాకు నేర్పింది మొదటి మార్గమే. సీ భాషలో సార్టు చేసిపెట్టే క్యూసార్టుకు ఒక పోలిక ఫంక్షన్ రాసి ఇవ్వడం ప్రాక్టికల్ పరీక్షలో తప్పనిసరి ప్రశ్న. "మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేసి ఆ తేడాను తిరిగి ఇచ్చెయ్యండి, చాలు" అని ల్యాబులో చెప్పారు. మేమంతా ఎంతో తెలివైన ఉపాయంగా మురిసిపోయాం. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,147,483,647 అనీ, రెండు వందల కోట్లలోంచి రుణ రెండు వందల కోట్లను తీసేస్తే వచ్చే నాలుగు వందల కోట్లు అందులో పట్టదనీ, పట్టక పొంగిపోతే జవాబు గుర్తే తిరగబడవచ్చనీ ఎవరూ చెప్పలేదు. మా మార్కులు మాత్రం పోలేదు.

పైథాన్ కూడా మొదట్లో పోలిక ఫంక్షన్‌నే తీసుకునేది. 2004లో వచ్చిన 2.4 వెర్షన్‌లో కీ అనే పరామితి చేరింది. అంతకుముందు ఇదే పనిని చేతితో చేసేవారు: ప్రతి వస్తువుకూ ముందు దాని తూకాన్ని అతికించడం, జతలను సార్టు చేయడం, తర్వాత తూకాన్ని ఊడబెరకడం. పెర్ల్ అనే భాష వాడేవారు ఈ ఉపాయాన్ని రాండల్ ష్వార్ట్జ్ పేరుతో ష్వార్ట్జియన్ ట్రాన్స్‌ఫార్మ్ అంటారు. 1994 నాటి మాట. 2008 డిసెంబరులో పైథాన్ 3.0 వచ్చినప్పుడు పోలిక ఫంక్షన్‌ను సార్టులోంచి పూర్తిగా తీసేశారు. పాత కోడును కొత్తదానికి మార్చుకుంటూ అప్పట్లో దాన్ని తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉన్నదాన్ని ఉంచి కొత్తది చేర్చవచ్చు కదా, తీసెయ్యడం ఎందుకు అనుకున్నాను. మా మావయ్య జాబితా దాకా వచ్చేసరికి ఆ తీసివేతే నాకు మేలు చేసిందని ఒప్పుకోవలసి వచ్చింది.

వేగం లెక్క ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కీ ఫంక్షన్ ఒక్కొక్క పేరుకు ఒక్కసారే నడుస్తుంది కాబట్టి 312 పేర్లకు 312 సార్లు. అడ్డదిడ్డంగా ఉన్న 312 పేర్లను పోలికల ద్వారా అమర్చాలంటే సగటున 2,100కు పైగా పోలికలు తప్పవు, ప్రతి పోలికలోనూ ఇద్దరి తూకాన్నీ మళ్ళీ మళ్ళీ కట్టాలి. మూడు వందల పేర్లకు ఇది కంటికి కనబడే తేడా కాదు.

అసలు సంగతి తూకం ఎలా కట్టాలన్నది. పేరుతోనే మొదలుపెడతాను. జాబితాలో "శ్రీ" ఉంది, "శ్రీమతి" ఉంది, "డాక్టరు" ఉంది. వాటిని తీసెయ్యకపోతే ఊళ్ళో పెద్దమనుషులందరూ శకారం కింద గుంపు కడతారు. ఇంటర్నెట్టులో దొరికే ఉదాహరణలను నమ్మి పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటే ఇంకా అన్యాయం: మనకు ఇంటిపేరు ముందుంటుంది, చివర ఉండేది రావో, నాయుడో, శాస్త్రో. ఆ లెక్కన ఏ సంబంధమూ లేని నలభై మంది రావులు ఒకే కుటుంబంలా వరసగా నిలబడతారు. అందుకని నా కీ ఫంక్షన్ ముందు గౌరవవాచకాలను ఊడదీసింది, ఆపైన మొదటి మాటను ఇంటిపేరుగా, మిగిలినదాన్ని పేరుగా విడదీసి, ఆ రెండింటినీ ఒక టపుల్‌గా, అంటే వరుస తప్పని విలువల మూటగా, తిరిగి ఇచ్చింది. టపుల్‌లో మొదటి భాగాలు తేడాగా ఉంటే అక్కడితో తేలిపోతుంది, అవి సమానమైతేనే రెండో భాగం దాకా వెళుతుంది. నిఘంటువులో మాట వెతకడానికి మనం వేలు జరిపే పద్ధతే అది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల అమరిక ఐఎస్‌సిఐఐ అనే భారతీయ ప్రమాణం నుంచి వచ్చింది. బ్రాహ్మీ నుంచి వచ్చిన భారతీయ లిపులకు ఒకే చట్రం వేసి, ఏ గడిలో ఏ ధ్వని ఉండాలో ముందే నిర్ణయించి, అందులో ఒక్కొక్క లిపినీ కూర్చోబెట్టారు. ఆ చట్రంలో ళకారం లకారం వెనకే కూర్చుంది, ఱకారం రకారం వెనక కూర్చుంది. మనం బడిలో చదువుకున్న వర్ణమాలలో "వ శ ష స హ" అయ్యాకే "ళ" వస్తుంది. అందుచేత ఏ కీ ఇవ్వకుండా సార్టు చేస్తే కళావతి, కవిత, కస్తూరి అన్న వరుస వస్తుంది. మా అత్తయ్యను అడిగితే కవిత, కస్తూరి, కళావతి అంటుంది. రెండూ తప్పు కాదు, కానీ ప్రింటు తీసుకుని పేరు వెతుక్కునేది అత్తయ్య.

సున్న అంతకన్నా చిక్కుది. యూనికోడ్‌లో సున్న స్థానం అకారం కంటే కూడా ముందు. గుణింతపు గుర్తులన్నీ హల్లుల తర్వాత ఉంటాయి. కనుక మన ఊరి పేటల పేర్లను ఉన్నపళంగా సార్టు చేస్తే కంచరపాలెం, కప్పరాడ, కూర్మన్నపాలెం, కొమ్మాది అని వస్తాయి. నా దగ్గరున్న నిఘంటువు కూడా సున్నకు ఇలాగే ముందు చోటు ఇస్తుంది కాబట్టి నాకు అది సబబుగానే తోచింది. మావయ్య ఒప్పుకోలేదు. "క గుణింతం చదువు. క, కా, కి, కీ... కౌ, కం, కః. కం ఎక్కడుంది? చివర. మరి కంచరపాలెం ముందెలా వస్తుంది?" ఆయన లెక్కన కప్పరాడ, కూర్మన్నపాలెం, కొమ్మాది, ఆ తర్వాత కంచరపాలెం. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ఒక పట్టిక రాశాను: ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక అంకె. పేరులోని అక్షరాలను ఆ అంకెల వరుసగా మార్చేదే నా కీ ఫంక్షన్. ఎప్పుడైనా సున్నను ముందుకు జరపాలంటే పట్టికలో ఒక్క అంకె మారిస్తే చాలు. యూనికోడ్ వారి కొలేషన్ పద్ధతి, అంటే మాటలను భాషల వాడుక ప్రకారం వరుసపెట్టే పద్ధతి, చేసేదీ ఇదే పని, ఇంతకన్నా ఎంతో జాగ్రత్తగా. ప్రతి మాటకూ ఒక సార్టు కీ కట్టి, ఆ కీలను పోల్చుతుంది. ఏ భాష వాడుకైనా ఆ కీలోనే ఇముడుతుంది.

ఇక్కడే ఒక కంటికి కనిపించని దొంగను పట్టుకున్నాను. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరు జాబితాలో దూరదూరంగా పడ్డారు. అక్షరాలు చూస్తే ఒక్కటే. తీరా విప్పి చూస్తే, ఒకరి ఇంటిపేరులో పొల్లు తర్వాత, పక్క అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా ఆపడానికి కీబోర్డు చేర్చే శూన్యవెడల్పు గుర్తు ఉంది. రెండోవారి పేరును ఫోనులోంచి తెచ్చినప్పుడు అది రాలేదు. ఆ గుర్తు యూనికోడ్ సంఖ్య తెలుగు అక్షరాలన్నిటికన్నా పెద్దది. కీ ఫంక్షన్ దాన్ని తీసేసి తూచాక అన్నదమ్ములు కలిశారు. పైథాన్ 3లో ఫంక్షన్లకు తెలుగు పేర్లు పెట్టవచ్చు కాబట్టి నేను చుట్టరికం, ఇంటినంబరు అని పెట్టుకున్నాను. అదే గుర్తు పొరపాటున ఫంక్షన్ పేరులో దూరితే మాత్రం పైథాన్ ఒప్పుకోదు, అది నయం.

పేర్ల తర్వాత ఇంటి నంబర్లు. విశాఖలో ఇంటి నంబరంటే 9-14-2 అనో, 10-1-25 అనో, 9-14-2/1 అనో ఉంటుంది. వీటిని అక్షరాల మాలగా చూస్తే 10-1-25 ముందు, 9-14-2 తర్వాత. ఒకటి తొమ్మిది కన్నా చిన్నది కదా. సిటీ బస్సుల నంబర్లను అలా పెడితే 10కె, 222, 28, 400, 6ఏ, 900కె అని వస్తుంది, ఆ బోర్డు చూసి ఆర్టీసీ కాంప్లెక్సులో ఎవరూ బస్సు ఎక్కలేరు. కాబట్టి నంబరును అడ్డగీతల దగ్గర విరిచి, ఒక్కొక్క ముక్కనూ పూర్ణాంకంగా మార్చి, టపుల్ చేశాను. 9-14-2 అన్నది 9, 14, 2 అనే మూడు అంకెల టపుల్ అవుతుంది. 9-14-2/1 నాలుగు అంకెలది. మూడు అంకెలూ ఒకటే అయినప్పుడు పొట్టిదే ముందు కాబట్టి అసలు ఇల్లు ముందు, వెనక వాటా తర్వాత, సరిగ్గా ఉండవలసినట్టే. ఇంతలో 4-56-12ఎ అనే ఇల్లు తగిలింది. ఒక టపుల్‌లో అంకె, ఇంకొక టపుల్‌లో అదే చోట అక్షరం ఉంటే పైథాన్ 3 పోల్చడానికి నిరాకరించి ఆగిపోతుంది. ప్రతి ముక్కనూ అంకె, దాని వెనకున్న అక్షరం అనే జతగా మార్చి, అక్షరం లేనిచోట ఖాళీ మాల పెట్టాక అంకెలు అంకెలతోనూ, అక్షరాలు అక్షరాలతోనూ పోలాయి. అసలు ఇంటి నంబరే లేని పదిహేను మందికి టపుల్ మొదట్లో ఒక ప్రశ్న చేర్చాను: నంబరు లేదా? లేకపోతే నిజం, ఉంటే అబద్ధం. అబద్ధం నిజం కన్నా చిన్నది కాబట్టి నంబరున్నవాళ్ళు ముందు నిలిచారు, లేనివాళ్ళు చివర చేరారు.

పిలుపులకు బయల్దేరే రోజు దగ్గరపడ్డాక పేటల వరుస అవసరమైంది. అకారాది కారుకు పనికిరాదు. అక్కయ్యపాలెం నుంచి ఆరిలోవకు, అక్కడి నుంచి కంచరపాలేనికి తిరుగుతూ కూర్చుంటే పెళ్ళి రోజు వచ్చేస్తుంది. మన ఊరు సముద్రం పక్కన నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా సాగింది. జాతీయ రహదారి వెంట కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది అని ఒక జాబితా రాసుకుని, పేట ఆ జాబితాలో ఎన్నోది అన్నదాన్నే కీగా ఇచ్చాను. పొడుగాటి ఊరికి ఒక్క అంకె బాగానే సరిపోతుంది. కానీ ఎన్ఏడీ దగ్గర చీలి గోపాలపట్నం మీదుగా పెందుర్తికి పోయే దారి ఉంది. ఆ పేటలను ఆ గీత మీద ఎక్కడ పెట్టినా అబద్ధమే. దాన్ని ఇంకొక రోజుకు వేరే జాబితాగా విడగొట్టాను. కీ అంటే ఒక గీత. గీత మీద ఇమడనిదాన్ని బలవంతంగా ఇమిడ్చేటప్పుడు అది ఇమడడం లేదని మనకు తెలిసిపోతుంది. నేను కీని మెచ్చుకునేది ఇందుకే. పోలిక ఫంక్షన్ ఈ సంగతి చెప్పదు.

చెప్పదని ఎందుకంటున్నానో చూపిస్తాను, ఎందుకంటే మొదట నేను రాసింది పోలిక ఫంక్షనే. పైథాన్ 3లో కూడా పోలికను కీగా మార్చి సార్టుకు ఇవ్వడానికి దారి ఉంది. మావయ్య ఇచ్చిన నియమం వినడానికి చాలా సబబుగా ఉంది: "రెండిళ్ళ మధ్య అరకిలోమీటరు లోపు తేడా ఉంటే ఒకే చోటనుకో, అప్పుడు పేరును బట్టి పెట్టు. అంతకన్నా ఎక్కువుంటే దగ్గరది ముందు." మూడిళ్ళు తీసుకోండి. వెంకన్న ఇల్లు మా గుడి నుంచి ఒక కిలోమీటరు, నరసింగరావు ఇల్లు 1.4, అప్పలరాజు ఇల్లు 1.8. వెంకన్నకూ నరసింగరావుకూ తేడా 0.4 మాత్రమే, కాబట్టి పేరును బట్టి నరసింగరావు ముందు. నరసింగరావుకూ అప్పలరాజుకూ తేడా మళ్ళీ 0.4, పేరును బట్టి అప్పలరాజు ముందు. వెంకన్నకూ అప్పలరాజుకూ తేడా 0.8, దూరాన్ని బట్టి వెంకన్న ముందు. అప్పలరాజు నరసింగరావు కన్నా ముందు, నరసింగరావు వెంకన్న కన్నా ముందు, వెంకన్న అప్పలరాజు కన్నా ముందు. గానుగెద్దులా తిరగడమే తప్ప దీనికి మొదలు లేదు. ఏ జంటను విడిగా అడిగినా నా ఫంక్షన్ తడుముకోకుండా జవాబు చెప్పింది, మూడు జవాబులూ నియమం ప్రకారం సరైనవే, మూడూ కలిపితే అసంభవం. పైథాన్ ఇలాంటిదాన్ని పట్టుకోదు. ఏదో ఒక వరుస ఇచ్చేస్తుంది, పేర్లు ఫైలులో మొదట ఏ క్రమంలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ వరుస మారుతుంది. జావా భాష మాత్రం 7వ వెర్షన్ నుంచి ఇలాంటి పోలికను కొన్నిసార్లు పట్టుకుని, నీ పోలిక ఒప్పందాన్ని ఉల్లంఘించిందని చెప్పి ఆగిపోతుంది, అదీ దాని కంటబడితేనే.

ఇదే నియమాన్ని కీగా రాయడానికి కూర్చుంటే మొదటి నిమిషంలోనే చెయ్యి ఆగిపోతుంది. వెంకన్న ఒక్కణ్ణే ముందు పెట్టుకుని ఆయన తూకం ఎంత అంటే, "ఎవరితో పోల్చి?" అన్న ప్రశ్న వస్తుంది. పోల్చకుండా చెప్పలేనప్పుడు నియమంలోనే లోపం ఉందన్నమాట. చివరికి దూరాన్ని అరకిలోమీటరు అరలుగా విడగొట్టి, ఏ ఇల్లు ఎన్నో అరలో పడుతుందో ఆ అంకెనూ, తర్వాత పేరునూ కీగా ఇచ్చాను. అర అంచున అటూ ఇటూ ఉన్న రెండిళ్ళు వంద అడుగుల దూరంలోనే ఉన్నా వేర్వేరు అరల్లో పడతాయి, నిజమే. ఆ అన్యాయం అందరి కళ్ళకూ కనబడుతుంది, కారణం చెప్పవచ్చు, రేపు మళ్ళీ నడిపినా అదే జవాబు వస్తుంది.

ఈ పట్టుదల నాకు పుస్తకాల వల్ల రాలేదు. 2018లో రుషికొండ వైపు ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నప్పుడు హాస్టలు గదుల జాబితాను చూపించే ఒక పేజీ రాశాను. జావాస్క్రిప్టులో పోలిక ఫంక్షన్ మూడు రకాల జవాబు చెప్పాలి కదా, నేను బద్ధకించి "మొదటిది రెండోదాని కన్నా పెద్దదా?" అని మాత్రమే రాసి వదిలేశాను. అవునంటే 1, కాదంటే 0. రుణ సంఖ్య అన్నదే ఎప్పుడూ రాదు. అప్పటి క్రోమ్‌లో అది చక్కగా పనిచేసింది, కనీసం చూసినవాళ్ళెవరూ తప్పు పట్టలేదు. ఆ సంవత్సరం అక్టోబరులో క్రోమ్ 70 వచ్చింది. దానిలో జావాస్క్రిప్టును నడిపే వీ8 ఇంజను పాత సార్టు పద్ధతిని వదిలి టిమ్‌సార్టుకు మారింది. టిమ్‌సార్టు మొదట చేసేది జాబితాలో ఇప్పటికే వరుసలో ఉన్న పరుగులను వెతకడం: ఒక్కొక్క వస్తువునూ దాని ముందున్నదానితో పోలుస్తూ వెళ్ళి, రుణ సంఖ్య వచ్చినచోట ఆరోహణ పరుగు ముగిసిందనుకుంటుంది. నా ఫంక్షన్ దానికి ఒక్కసారి కూడా రుణ సంఖ్య చెప్పలేదు. కనుక జాబితా మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఒకే పరుగని నమ్మి, ఒక్క గదిని కూడా కదపకుండా తిరిగి ఇచ్చేసింది. కోడు మారలేదు, డేటా మారలేదు, సోమవారం ఉదయం గదులన్నీ చెల్లాచెదురు. రెండు రోజులు సర్వరును అనుమానించాను. తప్పు పూర్తిగా నాదే. అయినా "పెద్దదా, చిన్నదా, సమానమా" అన్న మూడు కాళ్ళ ప్రశ్నకు రెండు కాళ్ళ జవాబు ఇవ్వడానికి వీలుండడం ఆ మార్గంలోని లోపం కూడా. కీ ఫంక్షన్‌లో ఈ తప్పు చేయడానికే చోటు లేదు. గది నంబరు ఎంత అంటే చెప్పడానికి ఒక్కటే ఉంటుంది.

ఆ టిమ్‌సార్టు 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం రాసింది. దానికి ఇంకొక గుణం ఉంది: తూకం సమానమైనవారిని తాము వచ్చిన క్రమంలోనే ఉంచుతుంది. దీన్ని స్థిరత్వం అంటారు. కీని వ్యతిరేకించేవారు వేసే మంచి ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. వయసులో పెద్దవారు ముందు, ఒకే వయసువారైతే అకారాది అంటే, వయసుకు ముందు రుణ గుర్తు పెట్టి టపుల్ చేస్తే సరిపోతుంది. పేటలు వెనక నుంచి ముందుకు, పేర్లు ముందు నుంచి వెనక్కు కావాలంటే మాత్రం మాటకు రుణ గుర్తు పెట్టలేం. అప్పుడు రెండుసార్లు సార్టు చేయాలి, అదీ ముఖ్యం కానిదానితో మొదలుపెట్టి. ముందు పేరును బట్టి మామూలుగా, ఆ తర్వాత పేటను బట్టి తిరగేసి. తిరగేయమని పైథాన్‌కు చెప్పినా సమానుల మధ్య క్రమాన్ని అది చెడగొట్టదు. అలా కాక సార్టు అయిపోయాక మనమే జాబితాను తలకిందులు చేస్తే పేర్ల వరుస కూడా తలకిందులవుతుంది. రెండుసార్లు నడపడం నాకూ కొంచెం వంకరగానే అనిపిస్తుంది, దాచుకోను.

కీతో పని కాదని చెప్పడానికి అందరూ చూపే ఉదాహరణ ఒకటుంది. కొన్ని అంకెలిచ్చి, వాటిని పక్కపక్కన రాస్తే అతి పెద్ద సంఖ్య వచ్చేలా పెట్టమంటారు. 3, 30 ఇస్తే 330 పెద్దది, 303 చిన్నది, కనుక 3 ముందు. 3, 34 ఇస్తే 343 పెద్దది, కనుక 34 ముందు. ఇది జంటను అతికించి చూడకుండా తేలదని, పోలిక ఫంక్షన్ తప్పదని అంటారు. పైథాన్‌లో ఇలాంటి అవసరానికి పాత పోలికను కీగా మార్చి ఇచ్చే వంతెన ఒకటి ఉంచారు, నేనూ చాలాకాలం దాన్నే వాడాను. ఒక రాత్రి కరెంటు లేనప్పుడు డాబా మీద కూర్చుని ఆలోచిస్తే, 3ను అంతులేకుండా పక్కపక్కన రాసుకుంటూ పోతే 0.333... అవుతుందనీ, 30ని రాసుకుంటూ పోతే 0.3030..., 34ను రాసుకుంటూ పోతే 0.3434... అవుతుందనీ తట్టింది. 3ను 9తో, 30ని 99తో, 34ను 99తో భాగిస్తే వచ్చేవి అవే. ఎన్ని అంకెలుంటే అన్ని తొమ్మిదులతో భాగించడమే కీ. పక్కవాడితో పనిలేని తూకం అక్కడ మొదటి నుంచీ ఉంది, పోలిక దాన్ని కప్పి ఉంచింది.

ఇంతకీ చుట్టరికపు వరుస. అది అన్నిటికన్నా తేలికైనదని అనుకున్నాను. వియ్యాలవారికి 0, మేనమామలకు 1, పెదనాన్నలకూ చిన్నాన్నలకూ 2, మేనత్తలకు 3 అని ఒక పట్టిక, అందులో లేనివారికి 99. వెంటనే ప్రశ్న వచ్చింది: ఎవరికి మేనమామ? మావయ్యకు బావగా ఉన్న మనిషి అత్తయ్యకు అన్నయ్య. వరుస మనిషిలో ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. నా వాదన అంతా ఇక్కడ కూలిపోతుందేమోనని ఒక క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ ఆ ఇద్దరూ జాబితాలోని ఇద్దరు కారు. ఒకరు జాబితాలో, ఒకరు జాబితా పట్టుకుని కూర్చున్నవారు. కాబట్టి కీ ఫంక్షన్‌ను తయారుచేసి ఇచ్చే ఇంకొక ఫంక్షన్ రాశాను. దానికి మావయ్య పేరు ఇస్తే మావయ్య వైపు నుంచి చూసే కీని ఇస్తుంది, అత్తయ్య పేరు ఇస్తే అత్తయ్య వైపు నుంచి చూసేదాన్ని ఇస్తుంది. ఎవరి కంటితో చూస్తున్నామో ముందే కట్టేశాక, జాబితాలోని ఒక్కొక్కరూ ఒంటరిగా వచ్చి తమ అంకె తాము చెప్పుకోగలరు.

మావయ్య పేరుతో నడిపి ప్రింటు తీసుకెళ్ళాను. ఈసారి తల ఊపుతూ మూడు పేజీలు తిప్పారు. తర్వాత కలం తీసి, ఎనిమిదో పేజీలో ఇరుగుపొరుగు కింద ఉన్న ఒక పేరు చుట్టూ సున్న చుట్టి, అక్కడి నుంచి బాణం గీసి, పేజీలు వెనక్కు తిప్పి మొదటి పేరు పైన రాశారు. ఆయన ఏమవుతారు మావయ్యా అని అడిగాను. "ఏమీ అవ్వడు. స్థలం కొన్నప్పుడు రిజిస్ట్రేషను రోజున చేతిలో డబ్బు పెట్టింది ఆయనే. కాగితం కూడా రాయించుకోలేదు." ఫైలులోని ఏ గడిలోనూ అది లేదు. కొత్తగా ఒక గడి చేర్చి, ఆయనకు 0, మిగతా 311 మందికి 1 వేసి, దాన్ని టపుల్‌లో అన్నిటికన్నా ముందు పెట్టాను. గడికి పేరేమి పెట్టాలో తోచక "ముందు" అని పెట్టాను.

తర్వాత అత్తయ్య పేరుతో ఇంకొక ప్రతి తీసి ఆమెకు ఇచ్చాను. మొదటి పేజీ చదివి కలం ఇటివ్వమంది.